మీ ప్రశ్నలు – మా సమాధానాలు: అమెరికాలో పార్టీ టికెట్ ఎవరి చేతిలో ఉంటుంది?

ప్రశ్న: అమెరికాలో రెండే పార్టీలు ఉండాలని అక్కడి రాజ్యాంగంలో రాసి ఉందా? ఓట్లు ఎక్కువ వచ్చినవారే గెలిచే పద్ధతి మనకూ ఉంది, వాళ్లకూ ఉంది. మన దగ్గర ఇన్ని పార్టీలు ఉండగా అక్కడ రెండే ఎందుకు మిగిలాయి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: రాజ్యాంగంలో అటువంటి నియమం లేదు. అసలు అమెరికా రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రస్తావనే కనిపించదు. తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1796లో ప్రజలనుద్దేశించి వెలువరించిన వీడ్కోలు సందేశంలో పార్టీల పట్టుదలలు దేశానికి చేటు చేస్తాయని గట్టిగా హెచ్చరించారు. అయితే అప్పటికే ఆయన మంత్రివర్గంలో పనిచేసిన హామిల్టన్, జెఫర్సన్‌ల చుట్టూ రెండు వర్గాలు ఏర్పడి ఉన్నాయి. ఇప్పుడున్న రెంటిలో తర్వాత వచ్చిన రిపబ్లికన్ పార్టీ 1854లో పుట్టింది. 1852 నుంచి ఇప్పటివరకు డెమొక్రాట్లు, రిపబ్లికన్లు కాక వేరెవరూ అధ్యక్ష ఎన్నికలో గెలవలేదు.

ఒక నియోజకవర్గానికి ఒకే విజేత ఉండే పద్ధతి చిన్న పార్టీలను నలిపేస్తుందన్న మాట నిజమే. కానీ మన దేశంలో ఒక రాష్ట్రంలో బలంగా ఉన్న పార్టీ అక్కడి లోక్‌సభ స్థానాలు గెలుచుకుని, ఢిల్లీలో సంకీర్ణంలో చేరి, తన మాట చెల్లించుకోగలదు. అమెరికాలో ఆ వెసులుబాటు లేదు. ప్రధానమంత్రిని ఎంపీల బలం నిలబెడుతుంది. అధ్యక్షుడి ఎన్నికకు అమెరికా కాంగ్రెస్ (సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన అక్కడి చట్టసభ) సభ్యుల మద్దతుతో సాధారణంగా పని ఉండదు. రాష్ట్రాలవారీగా ఎంపికైన ప్రతినిధులతో కూడిన ఎలక్టోరల్ కాలేజీలోని 538 ఓట్లలో 270 తెచ్చుకున్నవారే అధ్యక్షులవుతారు. 48 రాష్ట్రాల్లో మొదటి స్థానంలో నిలిచిన అభ్యర్థికే ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ దక్కుతాయి. మెయిన్, నెబ్రాస్కా మాత్రమే ఇందుకు మినహాయింపు.

1992లో రాస్ పెరో అనే వ్యాపారవేత్త స్వతంత్రంగా పోటీ చేసి దేశమంతటా దాదాపు 19 శాతం ఓట్లు సంపాదించారు. ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానం రానందున ఆయనకు ఒక్క ఎలక్టోరల్ ఓటు కూడా రాలేదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో కొత్తగా వచ్చిన ప్రజారాజ్యం పార్టీకి కనీసం 18 శాసనసభ స్థానాలు దక్కాయి. ఆ బలంతోనే 2011లో కాంగ్రెస్‌లో దాని విలీనానికి ఒక విలువ వచ్చింది. పెరో చేతిలో అంతమాత్రపు బలం కూడా మిగలలేదు. 2000లో ఫ్లోరిడాలో జార్జ్ బుష్ 537 ఓట్ల తేడాతో గట్టెక్కగా, అదే రాష్ట్రంలో గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు 97 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఓట్లు చీలి, తాము అసలు వద్దనుకున్న అభ్యర్థి గెలుస్తారేమోనన్న భయం ఆ ఎన్నికతో అక్కడి ఓటర్లలో మరింత బలపడింది.

ప్రశ్న: మా అమ్మాయి పెన్సిల్వేనియాలో ఉంటుంది. పౌరసత్వం వచ్చాక ఓటరుగా నమోదు చేసుకోబోతే ఏ పార్టీ అని దరఖాస్తులోనే అడిగారట. ఓటు రహస్యం కదా, ప్రభుత్వ కాగితంలో పార్టీ పేరు ఎందుకు? అది సభ్యత్వమా? ఇక ఆ పార్టీకే ఓటు వేయాలా?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: మీ అమ్మాయి ఆ పార్టీకే ఓటు వేయాలన్న నిర్బంధం ఎంతమాత్రం లేదు. మన దగ్గరలాగా సభ్యత్వ రుసుము, కార్డు వంటివీ ఉండవు. ఆ దరఖాస్తులో పార్టీల పేర్లతోపాటు ఏ పార్టీకీ చెందనని చెప్పే గడి కూడా ఉంటుంది. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో ఎవరైనా ఎవరికైనా ఓటు వేయవచ్చు. పార్టీ పేరు అవసరమయ్యేది అంతకు ముందు జరిగే ప్రైమరీకి, అంటే పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలో తేల్చే ఎన్నికకు. పెన్సిల్వేనియాలో డెమొక్రాట్‌గా నమోదైనవారికి డెమొక్రాట్ ప్రైమరీలోనూ, రిపబ్లికన్‌గా నమోదైనవారికి రిపబ్లికన్ ప్రైమరీలోనూ మాత్రమే అభ్యర్థులను ఎన్నుకునే హక్కు ఉంటుంది. ఏ పార్టీ రాయనివారికి ఆ ఎంపికలో పాలు లేదు. మన తెలుగువారు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో నమోదు సమయంలో పార్టీ ఊసే రాదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో ఓటరు అక్కడికక్కడ కోరవచ్చు. అయితే అదే ప్రైమరీకి రెండో విడత పోలింగ్ అవసరమైతే మాత్రం అప్పుడు రెండో పార్టీ వైపు మారడం కుదరదు.

అమెరికా పార్టీల కీలకమంతా ఈ ప్రైమరీలోనే ఉందని నా అభిప్రాయం. మన దగ్గర అధిష్ఠానం బి-ఫారం ఇస్తేనే పార్టీ అభ్యర్థి. అక్కడ బి-ఫారం ఇచ్చే అధిష్ఠానం లేదు. పార్టీ జాతీయ కమిటీకి అధ్యక్షులు ఉంటారు గానీ వారి పని ఎక్కువగా నిధులు సమకూర్చడం, జాతీయ సమావేశం నిర్వహించడం. ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా తలపడకుండానే పార్టీ పెద్దల మద్దతుతో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి అయ్యారు. దానిపై చెలరేగిన ఆగ్రహం వల్ల నియమాలు మారి, 1972 నుంచి ప్రైమరీలకే పైచేయి వచ్చింది. దాని ఫలితంగానే 2016లో పార్టీ పెద్దల్లో చాలామంది వద్దంటున్నా డొనాల్డ్ ట్రంప్ రిపబ్లికన్ అభ్యర్థి కాగలిగారు. అదే ఏడాది, సెనేట్‌లో స్వతంత్ర సభ్యుడైన బెర్నీ శాండర్స్ డెమొక్రాట్ అభ్యర్థిత్వం కోసం హిల్లరీ క్లింటన్‌తో చివరిదాకా పోటీ పడగలిగారు.

హైదరాబాద్‌లో పుట్టిన అరుణ మిల్లర్ ప్రస్థానం చూస్తే ఇది ఇంకా తేలికగా అర్థమవుతుంది. మేరీలాండ్ రాష్ట్ర శాసనసభ్యురాలిగా ఉన్న ఆమె 2018లో ప్రతినిధుల సభకు పోటీ చేయదలచి డెమొక్రాట్ ప్రైమరీలో ఓడిపోయారు. అసలు ఎన్నిక దాకా వెళ్లనే లేదు. 2022లో గవర్నర్ పదవికి నిలిచిన వెస్ మూర్‌తో జంటగా ప్రైమరీ గెలిచి, తర్వాత ఎన్నికలోనూ గెలిచి లెఫ్టినెంట్ గవర్నర్ (అక్కడ ఇది గవర్నర్ తర్వాతి స్థానపు, ఎన్నికయ్యే పదవి) అయ్యారు.

ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. ప్రైమరీకి వచ్చే ఓటర్లు అసలు ఎన్నికకు వచ్చేవారికంటే చాలా తక్కువ. 2018లో న్యూయార్క్ నగరంలో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ 17 వేల లోపు ఓట్లతోనే, సుమారు ఏడు లక్షల జనాభా ఉన్న నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహిస్తూ, దాదాపు ఇరవై ఏళ్లుగా ప్రతినిధుల సభలో ఉన్న జో క్రౌలీని ప్రైమరీలో ఓడించారు. ఆ ప్రాంతం డెమొక్రాట్ల కంచుకోట కాబట్టి ఆ రోజే సీటు ఖరారైపోయిందనుకోవచ్చు. ఎవరు గెలవడం మంచిదన్నది వేరే చర్చ. అంత కొద్దిమంది తీర్పు అందరి తరఫున చెల్లుబాటు కావడమే నాకు ఆందోళన కలిగిస్తుంది. అందుచేత మీ అమ్మాయి తనకు దగ్గరగా అనిపించిన పార్టీని ఆ గడిలో రాయడమే మేలని, ప్రైమరీకి తప్పక వెళ్లాలని నా సలహా.

ప్రశ్న: అమెరికాలో విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందా? మన పదో షెడ్యూలు వంటి చట్టం అక్కడ ఉందా?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: లేదు. మనం 1985లో రాజ్యాంగాన్ని సవరించి తెచ్చుకున్న ఫిరాయింపుల నిరోధం వంటిది అక్కడ లేదు. విప్ అనే పదవి రెండు పార్టీల్లోనూ ఉంది గానీ, ఆ పదవిలో ఉన్నవారు ఓట్లు లెక్కపెట్టుకుని సభ్యులను బతిమాలుకోవలసిందే. 2017 జులై 28 తెల్లవారుజామున, ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టంలోని ముఖ్యాంశాలను రద్దు చేసే బిల్లుపై ఓటింగ్ జరుగుతుండగా, రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ సభ మధ్యకు నడిచి వచ్చి, చేయి చాచి, బొటనవేలు కిందికి చూపారు. సెనేట్‌లో 52 మంది రిపబ్లికన్లు ఉన్నా, ఆయనతోపాటు సుసాన్ కాలిన్స్, లీసా మర్కోవ్‌స్కీ కూడా వ్యతిరేకించడంతో ఆ బిల్లు 49–51 తేడాతో వీగిపోయింది. ముగ్గురిలో ఎవరి పదవీ పోలేదు. 2001లో జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీని విడిచి స్వతంత్రుడై డెమొక్రాట్ల పక్షాన చేరితే, చెరి సగంగా ఉన్న సెనేట్ పగ్గాలే చేతులు మారాయి. అయినా ఆయన రాజీనామా చేయవలసిన అవసరం రాలేదు.

ధిక్కరించినవారికి శిక్ష లేదని మాత్రం అనుకోవద్దు. నాయకత్వం కమిటీ స్థానాలు, పార్టీ పదవులు తీసేయగలదు. అంతకంటే పెద్ద శిక్ష ప్రైమరీ ఓటర్లు వేస్తారు. ట్రంప్‌ను బాహాటంగా ఎదిరించిన ప్రతినిధుల సభ సభ్యురాలు లిజ్ చెనీని 2021లో తోటి రిపబ్లికన్లు పార్టీ పదవి నుంచి తొలగించారు. మరుసటి సంవత్సరం వయోమింగ్ ప్రైమరీలో ఆమె చిత్తుగా ఓడిపోయారు. మన శాసనసభ్యులు అధిష్ఠానానికి భయపడితే, అక్కడివారు ప్రైమరీకి భయపడతారు.

ప్రశ్న: అలాగైతే మూడో పార్టీ పెట్టడమే దండగ కాదా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: గెలుపు ఒక్కటే కొలమానమైతే దండగే. కానీ రైతుల అసంతృప్తి నుంచి పుట్టిన పాపులిస్టు పార్టీ 1892లో ఆదాయపు పన్ను ఉండాలని, సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని కోరింది. 1896లో డెమొక్రాట్లు బలపరచిన విలియం జెన్నింగ్స్ బ్రయన్‌నే ఆ పార్టీ కూడా తన అభ్యర్థిగా నిలిపి, క్రమంగా కనుమరుగైంది. దాని రెండు కోరికలూ 1913లో 16, 17వ రాజ్యాంగ సవరణలుగా నెరవేరాయి.

ఇటీవల మెయిన్, అలాస్కా రాష్ట్రాల్లో ఓటరు తన మొదటి, రెండో ఇష్టాలను వరుసగా సూచించే పద్ధతి వచ్చింది. 2018లో మెయిన్‌లోని రెండో నియోజకవర్గంలో తొలి లెక్కింపులో రిపబ్లికన్ అభ్యర్థి ముందుండగా, ఇద్దరు స్వతంత్రులకు ఓటు వేసినవారి తదుపరి ఇష్టాలు కలిపేసరికి డెమొక్రాట్ జారెడ్ గోల్డెన్ గెలిచారు. స్వతంత్రులకు వేసిన ఓటు వృథా పోతుందన్న భయం అక్కడ చాలావరకు తగ్గింది. గెలిచింది మాత్రం రెండు పెద్ద పార్టీల్లో ఒకదాని అభ్యర్థే.