ఏడుపు రాగం కాదు, వణుకు పుట్టించే శ్రుతి కావాలి

పాశ్చాత్య సంగీతంలోని మైనర్ స్కేల్లో (స్వరవరుసలో) ఎంత వాయించినా మీ అమ్మాయి వయొలిన్ దిగులుగా ఉందే తప్ప హాలోవీన్‌కి తగ్గ భయం రావట్లేదన్నారు. తను కర్ణాటక పద్ధతిలో నేర్చుకోవడం ఇక్కడ పెద్ద వరం అండి.

అమెరికాలోని అపలాచియన్ కొండల్లోని పాతకాలపు ఫిడిల్ (వయొలిన్) వాద్యకారులు నాలుగు తీగలను ఏ-ఈ-ఏ-ఈ అనే పాశ్చాత్య స్వరాలకు కలుపుతారు. అది అచ్చం మన స-ప-స-ప! కాబట్టి శ్రుతి మార్చకుండానే, పక్క తీగను మోగిస్తూ ఆ పాటలు పట్టుకోవచ్చు.

అసలు భయం మాత్రం 'ప్రతి మధ్యమం'లో, అంటే పంచమానికి అర స్వరం కింద ఉండే మధ్యమంలో ఉంది. ఫ్రెంచ్ స్వరకర్త సాన్-సాన్స్ 1874లో రాసిన 'దాన్స్ మకాబ్ర్' అనే ఆర్కెస్ట్రా రచనలో మృత్యువు అర్ధరాత్రి ఫిడిల్ వాయించి అస్థిపంజరాలను ఆడిస్తుంది. అందుకోసం ఆయన సోలో వయొలిన్ పై తీగను అర స్వరం దించమన్నాడు. మీరూ పై పంచమాన్ని ప్రతి మధ్యమానికి దించి, పక్కనున్న షడ్జంతో కలిపి ఒకే కమానుతో గట్టిగా లాగించండి. మొదటి లాగుకే ఒళ్లు జలదరిస్తుంది. తీగను దించడమే కాబట్టి తెగే భయమూ లేదు.

గమకాలు తగ్గించమనండి, స్వరం నిలకడగా ఉంటేనే చల్లగా తగులుతుంది. కమానును బ్రిడ్జికి (తీగలను ఎత్తిపట్టే చెక్కముక్కకు) బాగా దగ్గరగా, తేలిగ్గా ఆడిస్తే ఈలలాంటి గరగర వస్తుంది. అది అక్కడక్కడే వాడాలి. ముందు నాలుగే స్వరాలతో, చాలా నెమ్మదిగా మొదలుపెట్టించండి. వేగం చివరి వారంలో చూసుకోవచ్చు.