జ్య బిగువు, చాపం వంపు

సందేహం: 18వ శతాబ్దపు ఫ్రెంచి రొకోకో శైలి అలంకార చిత్రాన్ని ఒక వ్యాసంలో 'పౌరాణిక జ్యామితి' అన్నారు. జలదేవతలు, గవ్వలు, మెలితిరిగిన తీగలు ఉన్న బొమ్మకు ఆ మాట తగునా? 'రేఖాగణితం' అనాలా?

సమాధానం: గ్రీకు గాథలకు 'పౌరాణిక' వాడుకలో కుదిరింది, తప్పుపట్టను. రేఖాగణితం, ఆ శతాబ్దంలోనే జయపురం రాజు జయసింహుని కొలువులో జగన్నాథ సమ్రాట్టు అనే పండితుడు గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ గ్రంథాన్ని సంస్కృతీకరించి పెట్టిన పేరు. ఇక జ్యామితి.

అమరకోశంలో జ్య భూమికీ పేరే, అల్లెతాడుకీ పేరే. భూమిని కొలిచేది జ్యామితి. ఇంత చక్కని మాట ఉండగా 'జ్యామెట్రీ' అని సగం సంస్కృతం, సగం ఇంగ్లీషు అతికించి రాయడమేమిటి? అల్లెతాడు కథ ఇంకా దూరం వెళ్లింది. వృత్తచాపం విల్లయితే దాని కొసలను కలిపే గీత జ్య. ఆర్యభటుడు అందులో సగానికి పట్టిక కట్టాడు. ఆ అర్ధజ్యే వాడుకలో జ్య, జీవ అయింది. అరబ్బులు జీవను 'జీబ' అన్నారు. అచ్చులు రాయని లిపి కావడంతో అది 'జైబ్' అనే పాఠమైంది. జైబ్ అంటే అంగీ మడత, ఎదభాగం. మన జేబు ఆ జైబే. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి తెచ్చినవారు మడతకూ వంపుకూ ఉన్న 'సైనస్' అనే మాట వేశారు. త్రికోణమితిలో సైన్ అదే, ముక్కు సైనసూ అదే. బిగిసిన తాడుకు పుట్టిన మాట వంపై తేలింది!

రొకోకోది సరిగ్గా ఆ వంపే. తూరిన్‌లో పుట్టి, 1726లో 15వ లూయీకి రూపకర్తగా కుదిరిన మెసొనియే గీసిన వెండి దీపస్తంభం ఏ రెండు వైపులా ఒకేలా ఉండదు. అందుకే దాన్ని మూడు కోణాల్లో చూపాల్సివచ్చింది. చిత్రకారుడు బూషే గీసిన ఫౌంటెన్ల నమూనాల్లో ట్రైటన్లనే గ్రీకు సాగరదేవతలూ గవ్వలూ ఒకే మెలికలో కలిసిపోతాయి. 1754లో ఫ్రెంచి చిత్రకారుడు కొషాన్, దీపస్తంభం వెలుగు మోయాలి గనుక నిటారుగా ఉంచండని కంసాలులను వేడుకున్నాడు. వాడుకవస్తువు విషయంలో ఆయన మాట న్యాయమే. కాగితం మీది బొమ్మకు ఆ షరతు దేనికి?

చిత్రంలో వృత్తలేఖినితో గీసిన చాపాలే ఆధారంగా కనిపిస్తే జ్యామితి అనండి. చెయ్యి సాగిన కొద్దీ సాగిన ఒంపులైతే లతలు, మెలికలు అంటే చాలు. వ్యాసకర్త ఏ బొమ్మను చూసి రాశారో మీ లేఖలో లేదు. అది తెలిస్తేగాని ఇంతకుమించి తీర్పు చెప్పడం సబబు కాదు.