కోచ్‌కు సరేనని చెప్పే ముందు

చిరంజీవి తల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం నిదానంగా చదివాను. పదకొండో తరగతి మొదలై రెండు నెలలైనా కాకముందే అమెరికా కళాశాల క్రీడల్లో పైస్థాయి అయిన డివిజన్ వన్‌లోని ఒక టెన్నిస్ కోచ్ జట్టులో చోటిస్తానని ఫోన్‌లో చెప్పి, రెండు వారాల్లో జవాబు కోరడం, నీ మనసేమో పేరొందిన ఎనిమిది విశ్వవిద్యాలయాల కూటమి ఐవీ లీగ్‌లోని ఒకదాని మీద ఉండడం, ఇంట్లో తలా ఒక మాట చెబుతూ ఉండడం, అన్నీ అర్థమయ్యాయి. మా పిల్లలిద్దరూ కళాశాల టెన్నిస్‌కు వెళ్లినప్పుడు ఈ వ్యవహారాన్ని దగ్గరుండి చూసినవాణ్ణి కనుక నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. కోచ్ పెట్టిన గడువును బట్టి నువ్వు మాట ఇవ్వకూడదు. నీ ప్రవేశం గురించి నువ్వు చేరబోయే విశ్వవిద్యాలయం ఏమంటుందో, డబ్బు ఎంత ఇస్తారో, జట్టులో నీ స్థానం ఎక్కడ ఉంటుందో తెలిసిన తర్వాతే ఇవ్వాలి.

నిబంధనలను చూస్తే నీకు ఇంకా చాలా సమయం ఉంది. టెన్నిస్‌లో డివిజన్ వన్ కోచ్‌లు పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15 నుంచి విద్యార్థులతో మాట్లాడవచ్చు, పదకొండో తరగతి ఆరంభంలో ఆగస్టు 1 నుంచి తమ ఖర్చుతో ప్రాంగణానికి పిలిపించుకోవచ్చు. సంతకాలు జరిగేది మాత్రం పన్నెండో తరగతి నవంబరులో. ఆలోగా నువ్వు ఇచ్చినా, ఆయన ఇచ్చినా అది నోటిమాటే, చట్టరీత్యా ఎవరినీ కట్టుబరచదు. ఫలానా కళాశాలలోనే చేరతానని క్రీడాకారులు సంతకం పెట్టే, 1964 నుంచి నడిచిన నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతిని 2024 అక్టోబరులో ఎత్తివేశారు. ఇప్పుడు స్కాలర్‌షిప్ ఒప్పందమే నువ్వు సంతకం పెట్టే కాగితం. మీ నాన్న ఇంకా ఆ పాత లెటర్ గురించే ఆరా తీస్తున్నాడని రాశావు కదా, ఈ సంగతి అతనికి చెప్పు.

ఆ కోచ్ తొందర వెనుక నిజమైన కారణం లేకపోలేదు. కళాశాలలు క్రీడాకారులకు నేరుగా డబ్బు ఇచ్చేందుకు వీలు కల్పిస్తూ 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాలలో మహిళల టెన్నిస్ జట్టుకు పది మందే పరిమితి. ఆ పది చోట్లలో విదేశాల నుంచి వచ్చే క్రీడాకారిణులకు కొన్ని, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా మరో కళాశాల నుంచి వచ్చేవారికి కొన్ని పోగా, ఇక్కడి హైస్కూలు ముగించి వచ్చే అమ్మాయిలకు ఏటా కొద్ది చోట్లే మిగులుతాయి. అయితే చోటు దొరకడం వేరు, ఆడడం వేరు. పోటీలో సింగిల్స్ ఆడేది ఆరుగురే, డబుల్స్‌లో మూడు జంటలే. కాబట్టి ఆ జట్టు వెబ్‌సైటులో గత సీజన్ ఫలితాలు తెరిచి, నాలుగు నుంచి ఆరు వరకు స్థానాల్లో ఎవరు ఆడారో, వారి ఆట స్థాయిని చెప్పే యూటీఆర్ రేటింగ్ ఎంతో, వారిలో నువ్వు చేరే నాటికి ఎవరు చదువు ముగించి వెళ్లిపోతారో ఒక కాగితం మీద రాసుకో. ఆ తర్వాత కోచ్‌ను సూటిగా అడుగు: మొదటి ఏడాది నన్ను ఏ స్థానంలో చూస్తున్నారు, నా సంవత్సరంలో ఇంకా ఎందరిని తీసుకుంటున్నారు, వారిలో ఎందరు ఇప్పటికే మాట ఇచ్చారు? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే కోచ్ మాటను నేను నమ్ముతాను.

ప్రాంగణం చూడకుండా మాత్రం సరేనని చెప్పకు. వెళ్లినప్పుడు ఒక పూట ప్రాక్టీసు మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడు. ఆరో స్థానంలో ఆడే అమ్మాయితోనూ, స్థానం దొరకని ఏడో ఎనిమిదో అమ్మాయితోనూ కోచ్ ఎలా మాట్లాడుతున్నారో గమనించు, ఎందుకంటే మొదటి ఏడాది నువ్వూ అక్కడే ఉండవచ్చు. కోచ్ లేనప్పుడు జట్టువారితో కలిసి భోజనం చేసి, బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివేవారు ఆ జట్టులో ఎవరైనా ఉన్నారా, మధ్యాహ్నం ల్యాబ్ ఉన్న రోజున ప్రాక్టీసు ఎలా కుదురుతోందని అడుగు. జట్ల మధ్య పోటీలు ఎక్కువగా వసంతకాలపు సెమిస్టర్‌లోనే ఉంటాయి కనుక ఎన్ని తరగతులు పోతాయో వారికే బాగా తెలుస్తుంది. రేపు ఆ కోచ్ మరో ఉద్యోగానికి వెళ్లిపోయినా, నీ భుజానికి గాయమై రాకెట్ పట్టలేకపోయినా అక్కడే నాలుగేళ్లు చదవాలనిపించేటంతగా ఆ చోటు నచ్చిందా? నచ్చలేదంటే ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చినా వద్దు తల్లీ.

ఐవీ లీగ్ పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్‌లు లేవు, ఆ ఎనిమిది విశ్వవిద్యాలయాలూ హౌస్ ఒప్పందంలో చేరలేదు. కోచ్ నిన్ను కోరుకోగలరు గానీ చేర్చుకునేది అడ్మిషన్స్ కార్యాలయం. మామూలుగా పదకొండో తరగతి మార్కులు వచ్చిన వేసవిలో ఆయన నీ మార్కులను వారికి చూపించి అభిప్రాయం తెలుసుకుంటారు. అన్నీ కుదిరితే పన్నెండో తరగతి అక్టోబరు నుంచి, ప్రవేశం దాదాపు ఖాయమని చెప్పే లైక్లీ లెటర్ రావచ్చు. అంటే ఈ శరత్కాలంలో అక్కడి కోచ్ ఎంత ఆప్యాయంగా మాట్లాడినా అది అడ్మిషన్ కాదు. పోటీలో ఉన్న అమ్మాయిల్లో నేను ఎన్నోదాన్ని, వేసవిలో జవాబు అనుకూలంగా వస్తే మీ పూర్తి మద్దతు నాకే ఉంటుందా అని ఇప్పుడే అడగవచ్చు. అడగడం మర్యాద తప్పినట్టు కాదు.

డబ్బు సంగతి మీ ఇంట్లో ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. మీ కుటుంబం ఇంకా హెచ్-1బి వీసా మీదే ఉంది కనుక ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం నీకు అందదు. క్రీడా స్కాలర్‌షిప్‌కు, కళాశాలలు సొంత నిధుల నుంచి ఇచ్చే సాయానికి ఆ అడ్డంకి లేదు. పేరు వాడుకున్నందుకు ప్రకటనల వాళ్లు ఇచ్చే సొమ్మును మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, హెచ్-1బి వారి పిల్లలకిచ్చే హెచ్-4 వీసా మీద నీకు పని చేసే హక్కు లేదు. ఇస్తామన్న మొత్తం ట్యూషన్‌లో ఎంత వంతో, ఒక్క ఏడాదికా నాలుగేళ్లకా, గాయమైతే ఏమవుతుందో ఈమెయిల్‌లో రాసి పంపమని అడుగు.

ఇక గడువు. కోచ్‌లు చాలామంది అడిగితే కొంత పొడిగిస్తారు, కానీ కారణమూ తేదీ చెప్పి అడగాలి. "మీరు చోటిస్తామన్నందుకు కృతజ్ఞురాలిని. ఫలానా తేదీన మరో ప్రాంగణం చూసి వస్తాను, ఆ మర్నాడు మీకు ఫోన్ చేసి నా నిర్ణయం చెబుతాను" అని రాయి, చెప్పిన రోజున తప్పకుండా ఫోన్ చెయ్యి. ఒప్పుకోకపోతే ఆ చోటు వదులుకోవలసి రావచ్చు. పైన చెప్పినవేవీ తెలియకుండా తలూపడం కంటే అదే మేలని నా నమ్మకం. ఒకసారి సరేనన్నాక మాత్రం చట్టం కట్టుబరచకపోయినా నువ్వు కట్టుబడి ఉండు. మిగతా కోచ్‌లందరికీ అదే రోజు ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పు, వాళ్లు నీ కోసం ఆపి ఉంచిన చోటు ఇంకో అమ్మాయికి దక్కుతుంది.

ఈ ఫోన్లన్నీ నువ్వే చెయ్యాలి. మన ఇళ్లలో ఇలాంటివి తండ్రి మాట్లాడడం అలవాటు, కానీ అక్కడి కోచ్‌లు తమ జట్టులోకి రాబోయే అమ్మాయి గొంతే వినాలనుకుంటారు. డబ్బు విషయం వచ్చినప్పుడు మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకో. ఆ కోచ్‌కు పంపబోయే ఈమెయిల్ ముందు నాకు పంపు, శనివారంలోగా చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న