పికప్‌కు మరో ఇంజిన్: ఎవరి దగ్గర కొనాలి, ఏం రాయించుకోవాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. 2018 మోడల్ డీజిల్ పికప్ ఒక్కటే మా ఇంటికి ఆధారం. సంతలకు పసుపు, చింతపండు, అనాసకాయలు తోలుతాను, అప్పుడప్పుడు పార్వతీపురం దాకా వెళ్తాను. బండి నేనే నడుపుతాను, సీజన్‌లో మా బావమరిది సాయం వస్తాడు. మొన్న ఇంజిన్ సీజ్ అయింది, తిరగకుండా బిగుసుకుపోయింది. షోరూమ్‌లో కొత్త హాఫ్ ఇంజిన్ (పైనుండే హెడ్ లేకుండా కింది భాగం) ధర నాకు అందేలా లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన రీకండిషన్ ఇంజిన్ బిల్లు లేకుండా 80 వేలు, బిల్లుతో 95 వేలు అంటున్నాడు. ఆరు నెలల గ్యారంటీ అన్నది నోటిమాటే. మా ఊరి మేస్త్రి ఉన్న ఇంజిన్‌కే బోరు చేసిస్తానంటున్నాడు, అంటే అరిగిన సిలిండర్లను లోపల కాస్త కోసి సాపు చేస్తాడు. బండి మీద ఫైనాన్స్ ఇంకా ఉంది. ఎవరి దగ్గర తీసుకుంటే చట్టపరంగా ఇబ్బంది ఉండదు? తర్వాత పాడైతే విజయవాడ చుట్టూ తిరగాలా?

జవాబు: బిల్లు ఉంటే తిరగక్కర్లేదు. లేకపోతే తిరిగినా పెద్దగా ప్రయోజనం ఉండదు.

ముందు మీ మేస్త్రి మాట చూద్దాం, ఎందుకంటే చట్టం దృష్టిలో అన్నిటికన్నా తేలిక దారి అదే. ఇంజిన్ నంబరు ఉండేది బ్లాకు మీద, అంటే సిలిండర్లు ఉండే ప్రధాన దిమ్మ మీద. బోరు చేసినా, పిస్టన్లు, బేరింగులు మార్చినా, క్రాంక్ గ్రైండింగ్ చేసినా బ్లాకు అదే, నంబరు అదే. ఆర్సీతో పని లేదు. కాబట్టి బ్లాకు పగలలేదని, బోరుకు ఇంకా చోటు ఉందని మరో షెడ్డులో కూడా చూపించి నిర్ధారించుకోండి. పనికొస్తుందంటే నేనైతే ఆ దారే పడతాను. మేస్త్రి పని కూడా వినియోగదారుల చట్టం కింద సేవే. ఏ సామాను వేశాడో, ఎంత తీసుకున్నాడో కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి.

బ్లాకు పనికిరాకపోతే అసలు చిక్కు మొదలవుతుంది. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలంటే మీ రిజిస్ట్రేషన్ అథారిటీ, అంటే రాయగడ ఆర్టీవో, అనుమతి ముందే తీసుకోవాలి. తొందరలో మార్చేసి ఉంటే 14 రోజుల్లోగా తెలియజేసి, ఆర్సీ ఇచ్చి, కొత్త నంబరు ఎక్కించుకోవాలి. అనుమతి లేని మార్పులకు 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఫైనాన్స్ ఉంది కాబట్టి వాళ్ల రాతపూర్వక అంగీకారం లేనిదే ఇంజిన్ దింపకండి. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకీ కొత్త నంబరు తెలియజేయాలి. పాలసీలో ఒక నంబరు, బండిలో మరొకటి ఉంటే క్లెయిము నాడు వాళ్లకు వంక మనమే చేతికిచ్చినట్టు.

కొన్ని షెడ్లలో ఒక సలహా ఇస్తారు: ‘ఇవన్నీ ఎందుకు, మీ పాత నంబరే కొత్త బ్లాకు మీద కొట్టిస్తాం’ అని. ఆ పని చేయించుకున్నారా, ఆర్టీవో జరిమానాతో పోయే వ్యవహారం క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. అరగదీసి మళ్లీ కొట్టిన నంబరు ఫిట్‌నెస్ తనిఖీలో కనిపిస్తే మొదట వచ్చే అనుమానం దొంగ ఇంజిన్ అనే. అది నిజంగానే దొంగిలించిన బండిదైతే, తెలిసే కొన్నారని తేలితే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. తెలియక కొన్నా ఇంజిన్ మీకు దక్కదు. డబ్బు అమ్మినవాడి దగ్గర రాబట్టుకోవాలి. బిల్లు లేకపోతే ఎవడి దగ్గర?

అందుకే ఆటోనగర్ ఆయన తగ్గిస్తానన్న 15 వేలకు ఆశపడకండి. ఆ డబ్బుకు మీరు వదులుకునేది మీ కేసునే. పైగా 50 వేలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం, కావాలి. బిల్లే లేని ఇంజిన్‌ను దారిలో జీఎస్టీ అధికారులు ఆపితే సరుకూ, దాన్ని తెచ్చే బండీ రెండూ ఇరుక్కుంటాయి.

బిల్లు మీద ‘పాత ఇంజిన్ ఒకటి’ అని రాస్తే చాలదు. అమ్మేవాడి జీఎస్టీ నంబరు, ఇంజిన్ నంబరు, ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ కాలుష్య ప్రమాణం అన్నవన్నీ రాయించండి. మీ బండి బీఎస్-4. ఆ ప్రమాణం దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ‘2014 మోడల్‌ది కూడా మీ బండికి సరిగ్గా కూర్చుంటుంది’ అని బీఎస్-3 ఇంజిన్ అంటగడితే బోల్టులు కలిసినా కాగితాలు కలవవు. ఇంజిన్ ఏ బండి నుంచి దింపారో ఆ ఆర్సీ నకలు అడగండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో ఇంజిన్ నంబరు కొట్టి, అది చోరీ జాబితాలో ఉందేమో చూసుకోండి. ఈ వివరాలు ఇవ్వడానికి నసిగేవాడి దగ్గర ఎంత చవకైనా కొనవద్దు.

గ్యారంటీ కూడా బిల్లు మీదే ఉండాలి: ఎన్ని నెలలు, ఏయే భాగాలకు, తిప్పి పంపితే లారీ కిరాయి ఎవరిది. వస్తువుల విక్రయ చట్టం 1930, 16వ సెక్షన్ ప్రకారం, మీ అవసరం చెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద నమ్మకంతో కొంటే సరుకు ఆ పనికి తగినదై ఉండాలి. కానీ పాత సరుకు విషయంలో ‘పాతదని తెలిసే కొన్నాడు’ అనే వాదన గట్టిగానే వస్తుంది. రాత ఉంటే ఆ వాదనకు పదును తగ్గుతుంది.

ఇలాంటి కేసుల్లో ఎక్కువగా వినిపించే జవాబు ఒకటుంది. అమ్మినవాడు బిగించినవాడి తప్పంటాడు, బిగించినవాడు సరుకే మంచిది కాదంటాడు. వీలైతే అమ్మినవాడి చేతే బిగించుకోండి. కాదంటే గుణుపురంలో బిగించే మేస్త్రి పేరు అమ్మినవాడికి ముందే తెలిపి, వాట్సాప్‌లోనైనా ఒప్పుకోలు తీసుకోండి. ఇంజిన్ మొరాయిస్తే వెంటనే హెడ్ (సిలిండర్ల పై మూత) విప్పించకండి. ముందు ఫొటోలు, వీడియో తీసి, అమ్మినవాడికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, వచ్చి చూసుకోమనండి. విప్పేశాక లోపం ఎవరిదో తేల్చడం నిపుణుడికీ కష్టమే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సివస్తే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

ఇక ఎక్కడ కేసు వేయాలన్నది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. అంటే రాయగడ జిల్లా కమిషన్. బిల్లు అడుగున ‘విజయవాడ కోర్టుల పరిధి మాత్రమే’ అని అచ్చేసి ఉంటే, సివిల్ దావాకు అది అడ్డు రావచ్చు గానీ వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డం కాదు. ‘కిరాయి బండి కాబట్టి నువ్వు వినియోగదారుడివే కాదు’ అనీ అంటారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నది వాణిజ్య ప్రయోజనం కిందకు రాదని చట్టంలోనే ఉంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే, తన బండి తానే నడుపుకునేవాడు ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన వినియోగదారుడు కాకుండా పోడని చెప్పింది. మీ బావమరిది వల్ల ఇబ్బంది లేదు. బండి పూర్తిగా జీతగాడికి అప్పగించి ఉంటే మాత్రం నా జవాబు వేరుగా ఉండేది.

కొన్న వెల 5 లక్షల లోపు కాబట్టి ఫిర్యాదుకు ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. తెలుగులో రాసిన బిల్లు, గ్యారంటీ చీటీ ఉంటే వాటికి ఇంగ్లీషు అనువాదం జతచేయండి. రాయగడలో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేకపోయినా, కమిషన్ ఫైలు నడిచేది ఒడియాలోనో ఇంగ్లీషులోనో.