కాలు విరిగింది గొడవలోనా, చక్రం కిందా?

ప్రశ్న: మాది బరంపురం. పట్టుచీరలు నేసే కుటుంబం, నాకు 36 ఏళ్లు. ఫిబ్రవరి 20 రాత్రి ఇచ్ఛాపురంలో చుట్టాల గృహప్రవేశం చూసుకుని నేను, నా భార్య, ఏడేళ్ల పాప స్కూటీ మీద తిరిగొస్తుంటే ఒక తెల్ల కారు హైబీమ్ కొడుతూ, ఆపకుండా హారన్ మోగిస్తూ వెంటపడింది. పక్కకి తప్పుకునే లోపే మా అద్దాన్ని రాసుకుంటూ ముందుకెళ్లి అడ్డంగా ఆపాడు. దిగి బూతులు తిట్టాడు, కాలర్ పట్టుకున్నాడు. ఆ గొడవలో నా ఎడమ కాలు విరిగింది. ఆపరేషన్‌కి 1,85,000 అయింది. ఆంధ్రా స్టేషన్‌కి వెళ్లాలో ఒడిశా స్టేషన్‌కి వెళ్లాలో తెలియక కేసు పెట్టలేదు. నాలుగున్నర నెలలైంది. ఆ కారుకి ఇన్సూరెన్స్ లేదట. ఒక ఏజెంటు ఆసుపత్రి కాగితం మార్పించి, బీమా ఉన్న వేరే బండిని చూపించి డబ్బు ఇప్పిస్తానంటున్నాడు. రోడ్ల మీద ఇలాంటి రౌడీలకి చట్టం ఏమీ లేదా? ఏం చేయమంటారు? (ఉత్తరాన్ని కుదించాం)

జవాబు: మీ ఉత్తరం ఏడు పేజీలు. ఆరు పేజీలు ఆ కారువాడి పొగరు గురించే. చదివాను. రోడ్లు అలాగే తయారయ్యాయి, కాదనను, రోజూ కోర్టుకి వెళ్లేటప్పుడు నేనూ ఆ హారన్లే వింటున్నాను. కానీ మీ కేసుకి ఆ ఆరు పేజీల వల్ల ఒరిగేది చాలా తక్కువ. నిలబడినా పడిపోయినా ఐదో పేజీ అడుగున మాటవరసకి రాసేసిన ఒక్క వాక్యం మీదే: "వాడు కారెక్కి ఒక్కసారిగా లాగించేసరికి పడి ఉన్న స్కూటీకీ వెనక చక్రానికీ మధ్య కాలు ఇరుక్కుంది." మిగతా అన్నిచోట్లా "గొడవలో కాలు విరిగింది" అని రాశారు. ఈ రెండూ ఒకటి కాదండీ.

వాడు కాలర్ పట్టుకుని తోస్తే పడి కాలు విరిగిందనుకోండి, అది కొట్లాట. క్రిమినల్ కేసు పెట్టొచ్చు, వాడికి శిక్ష పడొచ్చు, కానీ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి దాంతో పని లేదు, బీమా కంపెనీ పైసా ఇవ్వదు. కారు కదిలి చక్రం తగిలి విరిగితే అది వాహనం వాడకం వల్ల జరిగిన ప్రమాదం. అప్పుడు మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద డ్రైవరు, యజమాని, బీమా ఉంటే ఆ కంపెనీ, ముగ్గురినీ పార్టీలుగా పెట్టి పరిహారం అడగొచ్చు. మీ ఆపరేషన్ బిల్లు, పోయిన కూలి, ఇకపై రాబోయే నష్టం అన్నీ ఆ ఒక్క తేడా మీదే వేలాడుతున్నాయి.

ఇంకో మాట. ఉత్తరంలో రెండు చోట్ల "చంపడానికే ఎక్కించాడు" అని రాశారు. కోపంలో రాశారా, కళ్లారా చూసి రాశారా? వాడు నిజంగా మీ మీదికే గురిపెట్టి తోలితే అలాగే చెప్పండి, దాచొద్దు, అప్పుడు కేసు చాలా పెద్దదవుతుంది. అయితే ఇది ప్రమాదమే కాదు, కావాలని చేసిన నేరం అని బీమా కంపెనీ వాదన ఎత్తుకుంటుంది. దానికి జవాబుందిగానీ సంవత్సరాలు పడుతుంది. పారిపోయే తొందరలో వెనక ఎవరున్నారో చూడకుండా లాగించాడు అన్నదే నిజమైతే అంతవరకే చెప్పండి. వాడి మనసులో ఏముందో మీకు తెలియదు, చక్రం ఎక్కడ తగిలిందో తెలుసు.

మీరు పంపిన 38 సెకన్ల వీడియో నాలుగుసార్లు చూశాను. వెనక బైకు మీద వస్తున్న మీ బావమరిది తీశాడన్నారు. 31వ సెకను దగ్గర కారు వెనక బ్రేకు లైట్లు ఆరిపోతాయి, స్కూటీ ఒక జానెడు ముందుకి ఈడ్చుకుపోతుంది, మీ భార్య "కాలు, కాలు" అని అరుస్తారు. నంబరు ప్లేటు మీద ఓడీ 07, చివరి రెండంకెలు కనిపిస్తున్నాయి. ఇదే మీ కేసు. దీని విలువ మీకు తెలియలేదు, ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశారు.

అదే వీడియోలో మీరు రాయని సంగతి కూడా ఉంది. 12వ సెకను దగ్గర హెల్మెట్ మీ తల మీద లేదు, చేతిలో ఉంది. దాంతో కారు బానెట్ మీద రెండు దెబ్బలు వేశారు. రోడ్డు మీద రౌడీలు పెరిగిపోయారని రాసిన మనిషి చేసిన పనేనా ఇది, అదీ వెనక పాప నిలబడి ఏడుస్తుంటే? ఈ వీడియో కోర్టుకి వెళ్తే పూర్తిగా వెళ్తుంది. 12వ సెకను కత్తిరించి 31వ సెకను చూపిస్తానంటే మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. కాబట్టి పిటిషన్‌లోనే ఒప్పుకోండి: మాటామాటా పెరిగింది, నేనూ బానెట్ మీద కొట్టాను, తర్వాత పక్కకి వచ్చి స్కూటీ లేపుతుంటే కారు లాగించాడు అని. మనమే ముందు చెబితే చిన్న తప్పు. అవతలి లాయరు బయటికి తీస్తే మీరు అబద్ధాలకోరు.

ముగ్గురం ఒక స్కూటీ మీద ఉన్నామని భయపడుతున్నారు. చలానా వేయదగ్గ తప్పే. కానీ ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతో ప్రమాదంలో మీ వాటా ఉందని పరిహారం కోయకూడదని, ఆ ముగ్గురు ఉండటం వల్లే ప్రమాదం జరిగిందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మీ విషయంలో బండి అప్పటికే ఆగి ఉంది.

ఇక గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు క్లెయిము వేయాలన్న నిబంధన మళ్లీ అమల్లోకి వచ్చింది. 1994లో తీసేశారు, తిరిగి తెచ్చారు. మీకు ఆగస్టు 20 దాటకూడదు. గడువు దాటిందన్న ఒక్క కారణంతో క్లెయిములు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిందని మీ పక్కింటి ఆయన చెప్పారట, నిజమే. మధ్యంతరం అంటే చివరి తీర్పు కాదు, రేపు ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. చేతిలో ఆరు వారాలు పెట్టుకుని ఆ ఉత్తర్వుని నమ్ముకోవడం ఎందుకు? జులై దాటకుండా వేయించండి.

ఎఫ్‌ఐఆర్ సంగతికొస్తే నిజంగా కోపమొచ్చింది. గిరిసోల దగ్గర అడుగు ఇటు వేస్తే ఒడిశా, అటు వేస్తే ఆంధ్రా, ఎవరి హద్దో తెలియలేదన్నారు, సరే. తెలియకపోతే ఏదో ఒక స్టేషన్‌కి వెళ్లాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చని, వాళ్లు రాసుకుని సంబంధిత స్టేషన్‌కి పంపాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే రాసి ఉంది. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. మీరు ఇరవై రోజులు మంచం మీద ఉన్నారు, ఒప్పుకున్నాను. మిగతా నాలుగు నెలలూ? ఆ దారిలో పెట్రోల్ బంకుల ముందు కెమెరాలుంటాయి. చాలా చోట్ల నెల తిరక్కుండానే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. అది పోయింది, ఇక రాదు.

పైగా నర్సింగ్ హోంలో "స్కూటీ జారి పడ్డాను" అని మీరే చెప్పారు. పోలీసు కేసంటే తలనొప్పి అని అక్కడెవరో అన్నారట, మీరు తలూపారట. ఇప్పుడు డిశ్చార్జి కాగితంలో ఆ వాక్యమే ఉంది. రోడ్డు ప్రమాద బాధితులకి జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. ప్రమాదం అని చెప్పి ఉంటే ఆ దారైనా అడిగి చూసేవారు. దాన్నీ మీ చేత్తోనే మూసేసుకున్నారు.

ఏజెంటు దగ్గరికి వద్దాం. కాగితం మార్పించడం, వేరే బండిని చూపించడం, ఇందులో మీకు వచ్చినదాంట్లో మూడో వంతు వాడికి. అయ్యా, ఆ గడప తొక్కొద్దు. బీమా కంపెనీల పరిశోధకులు మొదట చూసేదే ఇది: ఆసుపత్రిలో చేరిన రోజు ఏం రాశారు, ఆ బండి ఆ రాత్రి ఎక్కడుంది, ఫోన్లు ఏ టవరు కింద ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి దొంగ క్లెయిములు పెరిగిపోతే 2015లో హైకోర్టు ఆదేశంతో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు, లాయర్ల మీద కూడా కేసులు పడ్డాయి. మీ విషయంలో ఇంకా తమాషా ఏమిటంటే నిజమైన కారు వీడియోలో ఉంది, అది మీ బంధువుల వాట్సాప్ గ్రూపులో నలభై మంది ఫోన్లలో ఉంది. వేరే బండి పేరుతో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పిన రోజున మీరు బాధితుడు కాదు, ముద్దాయి. ఆ ఏజెంటు అప్పటికి ఫోనెత్తడు. మీ చేత ఖాళీ బాండు పేపరు మీద సంతకం పెట్టించుకున్నాడేమో చెప్పలేదు. పెట్టించుకుని ఉంటే వెంటనే రాతపూర్వకంగా వెనక్కి అడిగి, ఆ కాపీ దగ్గర పెట్టుకోండి.

కారుకి ఇన్సూరెన్స్ లేదని చెప్పింది కూడా ఆ ఏజెంటే కదా! బండి వివరాలు చూపించే ప్రభుత్వ ఎం-పరివాహన్ యాప్‌లో పూర్తి నంబరు కొట్టి చూడండి. ఇవాళ పాలసీ ఉందా అన్నది కాదు, ఫిబ్రవరి 20 రాత్రికి ఉందా అన్నది చూడాలి. లేదనే తేలినా క్లెయిము చావదు. డ్రైవరు, యజమాని సొంతంగా కట్టాలి, కట్టకపోతే ట్రిబ్యునల్ సర్టిఫికెట్ మీద కలెక్టరు భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. ఈ వారంలోనే ఫిర్యాదు ఇవ్వండి. జరిగిందంతా, జారిపడ్డానని ఆసుపత్రిలో ఎందుకు చెప్పారో, ఇన్నాళ్లు ఎందుకు రాలేదో కూడా అందులోనే రాయండి. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిము కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే అంది, కాకపోతే ఆలస్యానికి కారణం నమ్మేలా ఉండాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అదీ కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. నర్సింగ్ హోంని కాగితం మార్చమని అడగొద్దు. మీ కేసు షీటు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ నోట్స్ కాపీలు కావాలని రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. జారిపడితే కాలు ఒకలా విరుగుతుంది, చక్రానికీ ఇనుముకీ మధ్య నలిగితే ఎముకా చర్మమూ ఇంకోలా ఉంటాయి. ఆ తేడాని ఆపరేషన్ చేసిన డాక్టరు సాక్షిగా వచ్చి చెబితే డిశ్చార్జి కాగితంలోని ఆ వాక్యం బలం చాలావరకు తగ్గుతుంది.

క్లెయిము ఎక్కడ వేయాలని అడిగారు. ప్రమాదం ఏ రాష్ట్రంలో జరిగిందని తేలినా, మీరు నివసించే చోట వేసుకోవచ్చు, అంటే బరంపురం ట్రిబ్యునల్‌లో. ఎఫ్‌ఐఆర్ ఆంధ్రా వైపు నమోదై తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జత చేయాలి, అంతే.

మీ ఆదాయం గురించి ఒక్క కాగితం కూడా పంపలేదు. అసలు డబ్బంతా అక్కడే ఉంది. గుంట మగ్గం మీద కూర్చునేవాడికి కింద చెక్కలు తొక్కే కాలు ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పాలా? చీలమండ వంగట్లేదు, గంట కూర్చుంటే వాపు వస్తోంది అన్నారు. మెడికల్ బోర్డు 20 శాతం వైకల్యం అని రాసిందనుకుందాం. నెలకి 12,000 ఆదాయం రుజువైతే, మీ వయసుకి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపి, ఏడాది లెక్క కట్టి, మీ వయసుకి వర్తించే గుణకం 15తో హెచ్చిస్తే 30,24,000. అందులో 20 శాతం 6,04,800. అదే మగ్గం పనికి మాత్రం నష్టం 40 శాతం అని ట్రిబ్యునల్‌ని ఒప్పించగలిగితే 12,09,600. శరీర వైకల్యం వేరు, సంపాదన నష్టం వేరు అన్న సూత్రం 2010 నుంచి స్థిరంగా ఉంది. ఒప్పించాలంటే మీకు పని ఇచ్చి నేయించే మాస్టర్ వీవరు దగ్గరున్న కూలి లెక్కల పుస్తకం, ఆయన సాక్ష్యం, చేనేత గుర్తింపు కార్డు, మీ ఖాతాలోకి వచ్చిన ఫోన్‌పే జమలు కావాలి. నెలకి నాలుగు చీరలు నేసేవాడు ఇప్పుడు ఒకటి నేస్తున్నాడని పుస్తకం చూపించాలి, మీరు చెబితే చాలదు. వికలాంగ సర్టిఫికెట్‌కి ప్రైవేటు డాక్టరు చీటీ కాకుండా ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో బోర్డుకి దరఖాస్తు పెట్టండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

వాడి లైసెన్సు రద్దు చేయించొచ్చా అని చివర్లో అడిగారు. ఎఫ్‌ఐఆర్ కాపీతో ఆర్టీవోకి అర్జీ పెట్టండి, సస్పెండ్ చేసే అధికారం వాళ్లకుంది. దాని కోసం పెద్ద పరుగులు పెట్టకండి, మీ శక్తి క్లెయిము మీద ఖర్చు చేయండి.

అన్నిటికన్నా ముందు ఒకటి. బావమరిది కొత్త ఫోన్ కోసం పాతది ఎక్స్‌చేంజిలో ఇస్తున్నాడని ఉత్తరంలో యథాలాపంగా రాశారు. వీడియో తీసిన అసలు ఫోన్ అదే. వాట్సాప్‌లో వచ్చిన కాపీ మీద అవతలివాళ్లు వంద ప్రశ్నలు వేస్తారు. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జత చేయాల్సిన సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది కూడా ఆయనే, ఆ ఫోన్‌లోని ఫైలుకే. ఇది చదవడం ఆపి ఆయనకి ఫోన్ చేయండి, అమ్మేయకుండా, ఫార్మాట్ చేయకుండా తెచ్చి ఇంట్లో బీరువాలో పెట్టమనండి.