ఎన్నికల గొడవల్లో బ్యాంకులు మూతపడితే పొదుపు సంగతేమిటి?

ప్రశ్న: మావారు ఐవరీ కోస్ట్‌లోని అబిడ్జాన్‌లో పచ్చి జీడిగింజలు కొని పలాసకు పంపే సంస్థలో పనిచేస్తున్నారు. జీతం అక్కడి బ్యాంకులోనే పడుతుంది. సుమారు 14 లక్షల రూపాయల పొదుపు అక్కడే ఉండిపోయింది. అధ్యక్ష ఎన్నికలంటే అక్కడ గొడవలని విని భయంగా ఉంది. ఏం చేయమంటారు? – ఒక గృహిణి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ భయానికి కారణం ఉందమ్మా. 2010 నవంబరు 28న జరిగిన రెండో విడత పోలింగ్‌లో అలసాన్ ఔట్టారా 54 శాతం ఓట్లతో గెలిచారని ఎన్నికల సంఘం ప్రకటించింది. రాజ్యాంగ మండలి మాత్రం ఉత్తరాది ఓట్లు కొన్నింటిని రద్దు చేసి, అధికారంలో ఉన్న లారెంట్ గ్బాగ్బోనే విజేతగా తేల్చింది. ఇద్దరూ ప్రమాణ స్వీకారం చేశారు! 2011 ఏప్రిల్ 11న గ్బాగ్బో పట్టుబడే నాటికి పరిస్థితి యుద్ధం దాకా వెళ్లింది. ఆ సంక్షోభం దాదాపు 3,000 మందిని బలిగొంది.

ఇక డబ్బు సంగతి. అక్కడ చెలామణీ అయ్యే సీఎఫ్‌ఏ ఫ్రాంక్ ఎనిమిది దేశాల ఉమ్మడి కరెన్సీ. వాటి కేంద్ర బ్యాంకు సెనెగల్ రాజధాని డకార్‌లో ఉంది. అది ప్రభుత్వ ఖాతాలపై ఔట్టారా సంతకాన్నే గుర్తించడంతో గ్బాగ్బో దేశంలోని దాని శాఖలను స్వాధీనం చేసుకున్నారు. చెక్కుల క్లియరింగ్ ఆగిపోయింది. ఫిబ్రవరి మధ్యలో పెద్ద బ్యాంకులు ఒక్కొక్కటిగా షట్టర్లు దించేసి, మళ్లీ ఏప్రిల్ చివర్లోనే తెరిచాయి. అది సరిగ్గా జీడి సీజను. ఖాతాలో నిల్వ ఉన్నా దాంతో బియ్యం కొనుక్కునే దారి లేదు. ఆ తర్వాతి ఎన్నికల్లో బ్యాంకులు అంతగా స్తంభించలేదు గానీ, మీరు కాచుకోవలసింది ఇలాంటి పరిస్థితినే.

అందుకే మూడు, నాలుగు నెలల ఖర్చుకు సరిపడా మాత్రమే అక్కడ ఉంచి, మిగతాది మీవారి ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (ప్రవాసులు విదేశీ సంపాదనను ఇక్కడి బ్యాంకులో రూపాయల్లో దాచుకునే ఖాతా) మళ్లించండి. ఉంచిన దాంట్లో ఒక నెల ఖర్చు చేతిలో నగదుగా ఉండాలి. మొబైల్ మనీని నమ్ముకోవద్దు, దాని వెనకున్నదీ బ్యాంకుల్లోని సొమ్మే. సొమ్ము బయటికి పంపాలంటే అక్కడి బ్యాంకు ఉద్యోగ ఒప్పందం, జీతం రసీదులు అడుగుతుంది. ఎన్నికల తేదీ దగ్గరపడక ముందే ఆ పని ముగించాలి. ఇకపై జీతంలో కొంత భాగాన్ని నేరుగా ఎన్‌ఆర్‌ఈ ఖాతాకే పంపమని సంస్థను అడగమనండి.

సీఎఫ్‌ఏ ఫ్రాంక్ విలువ యూరోకు 655.957గా స్థిరంగా ఉంటుంది కాబట్టి యూరోల్లో ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ (విదేశీ కరెన్సీలోనే ఉంచే ప్రవాసుల డిపాజిట్) చేయమని కొందరు చెప్పవచ్చు. మీ ఖర్చులన్నీ రూపాయల్లోనే అయితే ఎన్‌ఆర్‌ఈ డిపాజిటే మేలని నా అభిప్రాయం. ఆయన ప్రవాసిగా ఉన్నంతకాలం దాని వడ్డీపై ఇక్కడ పన్ను ఉండదు. ఆయనకు ఫోను కలవని రోజుల్లోనూ ఇంటి ఖర్చులకు తీసుకునేలా, ఆ ఖాతా నిర్వహణకు మీ పేరిట అధికార పత్రం ఇప్పుడే రాయించుకోండి.