నగిషీ తలుపులకు ఏ కలప? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో రెండు పడకగదుల తలుపులకు నేనే నగిషీ చెక్కి బిగించుకోవాలని అనుకుంటున్నాను. ఉలి పని కొంత తెలుసు. అడితిలో అందరూ టేకు తప్ప వేరేది వద్దంటున్నారు. ఆ ధర నాకు అందేలా లేదు. వేప, మామిడి లాంటివి పనికిరావా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు కలప జాతి గురించి అడిగారు గాని, దానికన్నా ముందు చూడవలసింది అది ఎంత ఆరిందన్న సంగతి. పచ్చి టేకుతో చేసిన తలుపు మొదటి వేసవికే మెలి తిరగవచ్చు. బాగా ఆరిన మధ్యరకం కలపతో చేసినది ఏళ్ల తరబడి గుమ్మంలో సరిగ్గా కూర్చుంటుంది. కోస్తా ప్రాంతంలో గదుల లోపల వాడే కలపలో తేమ 12 శాతం దరిదాపుల్లో ఉంటే మంచిది. అడితిలో తేమ కొలిచే మీటరు ఉంటే, పలకను కోయించి లోపలి భాగంలో కొలిచి చూపమని అడగండి, ఎందుకంటే పైభాగం ఎప్పుడూ ముందే ఆరి ఉంటుంది. మీటరు లేకపోతే, కొన్న పలకలను ఇంట్లో గాలి ఆడే నీడలో, మధ్యమధ్య సన్నని పట్టీలు పెట్టి పేర్చి, వాటిలో ఒకదాన్ని వారం వారం తూకం వేయండి. బరువు తగ్గడం ఆగేవరకు ఉలి పట్టవద్దు. పచ్చి కలపకు అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని వడ్రంగులు వేసే లెక్క మరీ తప్పేమీ కాదు.

ఇక ఖర్చు విషయం. తలుపంతా ఒకే కలపతో చేయాలన్న నియమమేదీ లేదు. బరువు మోసేది, బందులూ తాళమూ పట్టి ఉంచేది చుట్టూ ఉండే నిలువు, అడ్డ కమ్ములు. నగిషీ పడేది వాటి మధ్య పలకల మీద. నా సలహా ఏమిటంటే, టేకు కమ్ములకు మాత్రమే కొని, పలకలకు గుమ్మడి టేకు తీసుకోండి. పేరులో టేకు ఉన్నా ఇది వేరే చెట్టు. బరువు తక్కువ, ఎండకూ వానకూ పెద్దగా కదలదు, ఉలికి మెత్తగా లొంగుతుంది. టేకులో ఇసుకను పోలిన సిలికా ఉండడం వల్ల ఉలి పదును త్వరగా పోతుంది. ఇంట్లో సెలవు రోజుల్లో పని చేసుకునేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. పైగా పెద్ద పెద్ద చారలున్న టేకు పలక మీద లోతు తక్కువ నగిషీ చెక్కితే, కాస్త దూరం నుంచి చారలే కనిపిస్తాయి తప్ప మీ లతలూ పువ్వులూ కనిపించవు. గుమ్మడి టేకు లేత పసుపు రంగులో, పెద్దగా చారలు లేకుండా ఉంటుంది కాబట్టి నగిషీ బాగా తేలుతుంది.

వేప చెక్కడానికి పనికిరానిది కాదు. పూరీలో జగన్నాథుని విగ్రహాలను వేప దారువుతోనే మలుస్తారు. పాత విగ్రహాల స్థానంలో కొత్తవి ప్రతిష్ఠించే నవకళేబరం 2015లో జరిగినప్పుడూ అదే వాడారు. అయితే ఆ విగ్రహాలకు పైన రంగులు వేస్తారు, మీ తలుపుకు పాలిష్ వేస్తారు. వేపలో పోగులు ఒకదానికొకటి ఎదురుగా అల్లుకుని ఉండడం వల్ల ఒకవైపు నున్నగా కోసిన ఉలి మరోవైపు చీలిక లేపుతుంది, పాలిష్ కూడా అంత నిగారింపుగా రాదు. రంగు వేయదలచుకుంటే వేప నిక్షేపంగా వాడవచ్చు. మామిడి చవక, చెక్కడమూ సులువే. పురుగు మాత్రం దాన్ని వదలదు. బోరిక్ ఆమ్లం ఒక పాలు, బోరాక్స్ ఒకటిన్నర పాళ్లు నీళ్లలో కరిగించిన మందులో నానబెట్టి ఆరబెట్టకుండా మామిడి పలక ఇంట్లోకి తేవద్దు.

కొలతల్లో ఒక్కటి మరచిపోకూడదు. నగిషీ 6 మిల్లీమీటర్ల లోతు ఉండాలనుకుంటే పలక మందం 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పలకను కమ్ముల గాడిలో జిగురు పెట్టి బిగించకూడదు. చారల అడ్డదిశలో 250 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు మారుతుంది. గాడిలో రెండు పక్కలా 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే పలక తన ఇష్టం వచ్చినట్లు కదులుతుంది. వదలకపోతే శ్రావణంలో కమ్మి అతుకులను తోస్తుంది, వైశాఖంలో చెక్కిన పువ్వు మధ్యలోంచి పగులుతుంది.

ప్రశ్న: తాతగారి పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలాలు మా దగ్గర ఉన్నాయి. వాటితో లోపలి తలుపులు చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: తప్పకుండా చేయించండి. ఇప్పుడు అడితికి వచ్చే టేకులో తోటల్లో పెంచి త్వరగా నరికినది చాలా ఉంటుంది. దానిలో బెరడు పక్కనుండే తెల్లటి భాగం ఎక్కువ, పురుగు మొదట పట్టేది దానికే. ఆ తెల్లదనం కనిపించకుండా పైన రంగు పూసినా, పలక కొసను కొంచెం కోయిస్తే చేవ, అంటే లోపలి గట్టి భాగం, ఎంతవరకు ఉందో తెలిసిపోతుంది. మీ దూలాలు అలా కాదు. అవి ఎన్నో ఏళ్లు ఇంటి కప్పు కింద ఆరి ఉన్నాయి, అంతటి ఆరుదల కొన్నా దొరకదు.

రంపానికి పంపేముందు రెండు పనులు చేయండి. మొదటిది, బలమైన అయస్కాంతాన్ని దూలం పొడవునా నెమ్మదిగా జరుపుతూ లోపల విరిగిపోయిన మేకులను వెతికి తీయించండి. ఒక్క మేకు తగిలినా సామిల్లులో రంపం పాడవుతుంది, చాలామంది పాత కలపను కోయడానికి ఒప్పుకోకపోవడానికి కారణమూ అదే. రెండవది, గోడలో కూరుకుని ఉన్న కొసలను సుత్తితో కొట్టి వినండి. బోలుగా మోగితే అంతవరకు చెద తిన్నదని అనుకుని కోసి పారేయండి. కోసిన పలకలను వెంటనే చిత్రిక పట్టించవద్దు. దూలం లోపల ఇన్నాళ్లూ బిగిసి ఉన్న ఒత్తిడి కోతతో వదులై పలక కొద్దిగా వంగుతుంది. రెండు మూడు వారాలు ఆగి, వంగవలసినంత వంగాక చదును చేయిస్తే మళ్లీ కదలదు.

ప్రశ్న: కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్రతో తలుపు మీద నగిషీ చెక్కవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తలుపుకు వద్దు. తెల్ల పొణికి చాలా తేలిక, గోటితో నొక్కితే గంటు పడుతుంది. బొమ్మకు ఉపయోగపడే ఆ మెత్తదనమే రోజూ చేతులు పడే తలుపుకు శత్రువు. గోడకు తగిలించే పలక మీద చెక్కి రంగులు వేసుకోండి, శోభిస్తుంది.

ప్రశ్న: నగిషీ తలుపుకు ఏ పాలిష్ మేలు? ఒకవైపు వేస్తే చాలదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చాలదు. ముందు, వెనుక, పైకొస, కిందికొస అన్నింటికీ ఒకే లెక్కన పూత పడాలి. ఒకవైపు మూసి మరోవైపు వదిలేస్తే తేమ ఒకే వైపు నుంచి దూరి తలుపును వంచుతుంది. నేలకు దగ్గరగా ఉండి కనిపించని కిందికొసను వదిలేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. పలకలకు మాత్రం కమ్ముల గాడిలో బిగించకముందే పూత వేయించండి, లేకపోతే ఎండాకాలంలో పలక కుంచించుకున్నప్పుడు అంచున పూత లేని తెల్లటి గీత బయటపడుతుంది.

నగిషీకి లక్కతో చేసే పాలిష్ పలుచగా, ఎక్కువ పూతలుగా వేయడం మేలు. చిక్కటి పూత లోతుల్లో చేరి గడ్డకట్టి ఉలి గీతలను మింగేస్తుంది. అవిసె నూనె వాడితే రంగు నిండుగా వస్తుంది, కాని ఒక జాగ్రత్త తప్పనిసరి: నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేస్తే అవి వేడెక్కి వాటంతట అవే అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఎండనిచ్చి, లేదా నీళ్లలో ముంచి, ఆ తర్వాతే పారేయాలి.